తాళంచెవి తీశాక నడిచే ఇంజను

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి కారు ఇంటి ముందు ఆపాక, ఇంజను ఆపకుండా నేను కాసేపు అందులోనే కూర్చుంటాను. మా కాలనీలో ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇళ్లు కొనుక్కున్నవాళ్లు. పక్కింటాయన మొక్కలకు నీళ్లు పోస్తూ, "ఏమండీ, లోపలికెళ్లాలంటే భయమా?" అని నవ్వుతాడు. "టర్బో చల్లారాలండీ" అంటాను. ఆయనకు అర్థం కాదు. అర్థమయ్యేలా చెప్పడం నాకిష్టం కాబట్టి చెప్పడం మొదలుపెడతాను. ఆయన గొట్టం పట్టుకుని వెనక్కి వెళ్లిపోతాడు.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. జీడిమెట్లలో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో, తయారైన భాగాలు కొలత ప్రకారం ఉన్నాయో లేదో చూడడం నా పని. మిగతా చదువంతా మేడ్చల్ శాఖా గ్రంథాలయంలో ఫ్యాను కింది బెంచీ మీద జరిగింది. డిప్లొమా పిల్లల కోసం తెప్పించిన మోటారు వాహనాల పుస్తకాలు, అట్టలు ఊడిపోయినవి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ రెండేసి రోజులు చదివాను. ఇంజనీర్లు తప్పుగా చెప్పినప్పుడు సరిదిద్దగలనని నాకు లోపల్లోపల గర్వం ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

టర్బో సంగతి ఆ బెంచీ మీదే తెలుసుకున్నాను. ఇంజను వదిలే వేడి పొగ ఊరికే గాల్లో కలిసిపోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు బిగించిన ఇంకో చక్రం బయటి గాలిని లాగి ఇంజనులోకి గట్టిగా నెడుతుంది. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండికి బలం పెరుగుతుంది. ఆ ఇరుసు పలచని నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. చాలా దూరం వేగంగా వచ్చి టక్కున ఇంజను ఆపేస్తే నూనె రావడం ఆగిపోతుంది, కాలిపోతున్న ఇరుసు చుట్టూ ఉన్న నూనె మాడి బొగ్గవుతుంది. అందుకే ఆపే ముందు కాసేపు ఊరికే నడవనివ్వాలి. అంత ఓపిక లేనివాళ్ల కోసం టైమర్ అని ఒక చిన్న డబ్బా దొరుకుతుంది. మనం తాళంచెవి తీసుకుని వెళ్లిపోయినా అది ఇంజనును కొన్ని నిమిషాలు నడిపించి, తర్వాత తనే ఆపేస్తుంది.

నా కారు రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. చూడ్డానికి హుషారుగానే ఉంటుంది కానీ, అవుటర్ రింగు రోడ్డెక్కే వాలు మీద పాలవ్యాను కూడా దాన్ని దాటేసేది. దానికి సరిపడే టర్బో కిట్ కోసం రెండేళ్లు వెతికాను. కొత్తది కొనే స్తోమత లేదు, పాతది అమ్మేవాళ్లు లేరు. చివరికి ఒకరోజు పాత కార్లవాళ్ల ఫోను గ్రూపులో ఒక ఫోటో కనిపించింది. రేకుల కింద నీలం రంగు కారు, అచ్చం నాలాంటిదే. కింద "టర్బో సామాను అమ్మబడును" అన్న మాట, ఫోను నంబరు.

ఫోను ఎత్తింది ఒక పెద్దాయన.

"కిట్ మొత్తం ఉన్నదా?" అని అడిగాను.

"ఏమేముందో నాకు తెల్వదు బిడ్డా. నువ్వే వచ్చి చూస్కొని, నువ్వే విప్పుకొని తీస్కపో."

"ఎంతకిస్తరు?"

"నీకు తోచినంత ఇయ్యి. జల్దీ రా."

గుండ్లపోచంపల్లిలో గోదాముల వెనుక షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఒకడు నాకు స్నేహితుడు. నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు, సందు దొరికితే ఎక్కిరిస్తాడు. ఈ సంగతి చెప్పగానే చేతులు తుడుచుకుంటూ, "తోచినంత ఇయ్యమన్నడా? అన్నా, గట్ల అన్నోడు దొంగన్న గావాలె, దేవుడన్న గావాలె. దేవుడు టర్బోలు అమ్మడు" అన్నాడు.

ఆదివారం ఇద్దరం వెళ్లాం. శామీర్‌పేట చెరువు కట్ట దాటి ఎడమకు మట్టి బాట పట్టుకుంటే చివర్లో ఆ ఇల్లు. రెండు గదులు, ముందు రేకుల పందిరి. గోడకు ఆనించి థర్మోకోల్ తెప్ప, దాని మీద ఆరేసిన వల. ఆ ఇంటివాళ్లు చెరువు మీద చేపలు పట్టి బతికేవాళ్లు. లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలుతో సన్నగా ఉన్న పెద్దాయన ఎదురొచ్చాడు. ఆయన్ని కాకా అని పిలిచాను.

కారు పందిరి కింద ఉంది. నాలుగు టైర్లూ గాలి పోయి నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. ముందు చక్రం చువ్వల మధ్య నుంచి గడ్డి పైకి మొలిచింది. చక్రానికీ నేలకూ మధ్య సాలెగూడు దట్టంగా అల్లుకుని దుమ్ముపట్టి ఉంది. ఆ కారు చాలా నెలలుగా అంగుళం కూడా కదల్లేదని చెప్పడానికి పుస్తకాలు చదవక్కర్లేదు.

మా స్నేహితుడు బానెట్ ఎత్తి లోపల టార్చి వేసి ఈల వేశాడు. అంత శుభ్రమైన పని వాడి షెడ్డులో కూడా జరగదని వాడే ఒప్పుకున్నాడు. "ఎవరు బిగించిన్రు కాకా?"

"నా కొడుకు." పెద్దాయన కారు వైపు కాకుండా చెరువు వైపు చూస్తూ చెప్పాడు. "ఒక్కడే కొడుకు. చౌరస్తాల మెకానిక్ పని జేసేటోడు. గీ బండిని తుక్కు కింద కొన్నడు. నాలుగేండ్లు దీని కిందనే పండుకున్నడు. నేను తిట్టేటోన్ని. ఇద్దరు కూసునే బండి, చేపల గంప పెట్ట జాగ లేదు, గిదేం బండిరా అని. దీని దిక్కు గూడ చూడకపోయేటోన్ని."

"ఇప్పుడు యాడున్నడు?" అని మా వాడు అడిగాడు.

"పోయిన వానకాలం జరమొచ్చింది. నాలుగు దినాలే. దవాఖానల పండుకొని నాతోని ఏమన్నడో ఎర్కనా? బాపూ, బండి రోజు ఒక్కపారి స్టార్ట్ చెయ్యి, లేకుంటె బ్యాటరీ కూసుంటది అన్నడు. గంతే. ఇగ మాట్లాడలె."

మా వాడు టార్చి ఆర్పేశాడు.

"దినాలైన తెల్లారి స్టార్ట్ జేసిన. పగటీలి రెండు గొట్టంగ. వాడు బువ్వకొచ్చే యాల్ల అది. జర సేపుంచి చాబీ తీసిన. బండి ఆగలె." ఆయన కుడిచేతి పిడికిలి విప్పి చూపించాడు, ఇప్పుడు కూడా అందులో తాళంచెవి ఉన్నట్టు. "చాబీ నా చేతిల ఉన్నది. బండి నడుస్తాంది. లోపల ఎవ్వలు లేరు. ఉరికిన బిడ్డా. కట్ట దాంక ఉరికిన. మళ్లొచ్చే వరకు ఆగిపోయున్నది. తెల్లారి గూడ గట్లనే. ఇగ రోజు గట్లనే."

నాకు వెంటనే అర్థమైంది. నేను వంగి స్టీరింగ్ కింద చూశాను. అనుకున్నట్టే అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా అక్కడ బిగించి ఉంది. టైమర్. చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ఆయనే మాట అందుకున్నాడు.

"మేడ్చల్‌ల ఒక మెకానిక్‌ని అడిగిన. గది టర్బో బండి, టర్బో ఉన్నన్ని దినాలు గట్లనే ఉంటది అన్నడు. అందుకే అమ్ముతున్న. నాకు పైసలొద్దు. చాబీ తియ్యంగనె బండి ఆగాలె. గంతే. నా ఇంటామె గీడ కూసుంటది, దీనితోని మాట్లాడతది. నాతోని మాట్లాడక ఏడాదాయె."

నోరు మూసుకున్నాను. ఆ డబ్బా వైర్లు రెండు ఊడదీస్తే ఆయన కోరింది జరిగిపోతుంది. అప్పుడు ఆయనకు టర్బో అమ్మాల్సిన పని ఉండదు. రెండేళ్లుగా నేను వెతికిన కిట్ అక్కడే ఆ పందిరి కింద తుప్పు పట్టిపోతుంది.  మా వాడు నా వంక చూశాడు. వాడికీ తెలుసు.

"నువ్వు సదువుకున్నోని లెక్కున్నవు," అన్నాడు పెద్దాయన నాతో. "నీకు ఎర్కుంటది, ఏది విప్పాల్నో."

సరిగ్గా రెండు గంటలకు ఆయన కారులోకి వంగి ఇంజను స్టార్ట్ చేశాడు. ఎండ తెల్లగా కాస్తోంది, చెరువు మీద గాలి లేదు. ఒక నిమిషం నడిచాక తాళంచెవి తీసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంజను నడుస్తూనే ఉంది. కారణం తెలిసి కూడా, ఖాళీ సీటు ముందు స్టీరింగ్ సన్నగా వణుకుతుంటే చూడడం నాకు బాగాలేదు.

ఇంట్లోంచి ఒకామె ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని డ్రైవరు తలుపు పక్కన వేసుకుని కూర్చుంది. మమ్మల్ని చూడలేదు. పొరుగింటివాళ్లతో మాట్లాడినంత మామూలుగా మాట్లాడసాగింది.

"ఇయ్యాల రవ్వ చేపలు పడ్డయి. పెద్దయి రెండు మారుబేరగానికియ్యలె, ఉంచిన. తెల్లమేక ఈనింది. రెండు పిల్లలు. ఒక దానికి కాలు వంకరున్నది." అక్కడ ఆగింది. అవతలి మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, తల ఊపింది. "నేను గూడ గదే అనుకున్న. కట్టు కడితె సక్కగైతది."

నేను కిటికీ లోంచి డబ్బా వైపు చూశాను. ఎర్ర అంకెలు తగ్గుతూ వస్తున్నాయి. మూడు నిమిషాల చిల్లర ఉంది. కొడుకు ఏ నాలుగు నిమిషాలకో పెట్టి ఉంటాడనుకున్నాను. ఆమె ఇంకా ఏదేదో చెప్పింది. తర్వాత మోకాళ్ల మీద చేతులాన్చి లేచి, స్టూలు తీసుకుంది. ఆమె లేచాకే ఇంజను ఆగింది. రోజూ వినీ వినీ ఆ కొలత ఆమెకు ఒంటికి పట్టి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

కిట్ ఆ రోజే ఇవ్వడం కుదరదన్నాడు పెద్దాయన. ఏడాది మాసికం కాకముందు పోయినవాళ్ల వస్తువు గడప దాటకూడదట. ఇంకా నాలుగు వారాలుంది. నేను బయానా ఇచ్చి వచ్చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు కట్ట మీద మా వాడు బండి ఆపాడు.

"రెండు వైర్లు అన్నా. రెండు వైర్లు పీకితె అయిపాయె. చెప్పేద్దమా?"

"చెప్తె కిట్ అమ్మడు."

"వారెవా. నువ్వు చదివిన బుక్కుల్ల గిదే రాసున్నదా?"

 వాడు బండి కదిలించాడు, దారంతా ఎక్కిరించలేదు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

ఆ నాలుగు వారాలూ నా పని సరిగ్గా సాగలేదు. కొలత చూసే గేజీ చేతిలో ఉండగానే మనసు ఆ పందిరి కిందికి పోయేది. ఆమెకు రోజు మొత్తంలో ఉన్నవి ఆ కొద్ది నిమిషాలు. వాటిని తీసేయమని ఆమె భర్త నన్ను పిలిచాడు, నేను ఒప్పుకున్నాను. పైగా నేను కొంటున్నది టర్బో మాత్రమేనని, ఆమె నమ్మకం మూఢనమ్మకమని, ఎప్పటికైనా వదిలించాల్సిందేనని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చదువుకున్నవాడికి ఇలాంటి సర్ది చెప్పుకోవడాలు తొందరగా దొరుకుతాయి.

మాసికం అయిన తర్వాతి ఆదివారం తెల్లారగానే పనిముట్లతో వెళ్లాం. పందిరి కింద బానెట్ మీద విస్తరాకు ఎండిపోయి ఉంది. మాసికం నాడు అన్నం, చేపల పులుసు అక్కడే పెట్టారని పెద్దాయన చెప్పి, ఆ ఆకును రెండు చేతులతో జాగ్రత్తగా తీశాడు. ఆ తర్వాత తెప్ప వేసుకుని చెరువులోకి వెళ్లిపోయాడు. విప్పడం చూడలేనన్నాడు. రెండింటికి వస్తానన్నాడు.

మా వాడు కారు కిందికి దూరాడు. నేను పైనుంచి నట్లు అందుకున్నాను. మొదట ఒక గంట వాడి నోరు ఆగలేదు. "అన్నా, పదమూడు నంబరు పానా. పదమూడంటె తెల్సు గదా, పన్నెండు తర్వాత వస్తది, లైబ్రరీల చెప్పిన్రో లేదో." కొన్ని నట్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. నూనె పోసి, వేడి చేసి, ఒక్కొక్కటీ విప్పేసరికి పది దాటింది. పొగ గొట్టం టర్బో నుంచి విడివడి వాడి చేతిలోకి వచ్చింది. టార్చి వేసి లోపల చూశాడు. చాలాసేపు చూశాడు.

"అన్నా, ఇటు రా."

వాడి గొంతులో ఎక్కిరింపు లేదు. నేను వంగి చూశాను. మెకానిక్కులు పొగ గొట్టం లోపలి రంగు చూసి బండి ఎలా నడిచిందో చెబుతారు. రోజుకు కొద్ది నిమిషాలు నిలబడిన చోటే నడిచిన ఇంజను గొట్టం లోపల దీపపు మసిలా నల్లగా, తడితడిగా ఉండాలి. ఏడాది పాటు అలా నడిస్తే వేలు పెడితే వేలు మునిగేంత మసి ఉండాలి. ఆ గొట్టం లోపల పొడిగా, లేత బూడిద రంగులో, శుభ్రంగా ఉంది. హైవే మీద రోజూ దూరాలు పోయే బండికి ఉండే రంగు అది.

"దీన్ని ఎవరన్న నడుపుతున్నరా?" అన్నాడు మా వాడు మెల్లగా.

ఇద్దరం చక్రాల వైపు చూశాం. గడ్డి అలాగే ఉంది. సాలెగూడు అలాగే ఉంది.

"పోయినోడు ఉన్నప్పటి రంగే ఉండిపోయిందేమో," అన్నాను.

"ఏడాది మసి పడ్డంక గూడనా?" అని వాడు మళ్లీ కిందికి దూరాడు. ఆ తర్వాత పానా అడగడానికి తప్ప మాట్లాడలేదు.

కాసేపటికి ఇంట్లోంచి ఆమె నన్ను పిలిచింది. టర్బో తీసేస్తే, బండితో వచ్చిన అసలు గొట్టాలు మళ్లీ బిగించాలి. కొడుకు వాటిని నూనె గుడ్డలో చుట్టి గోనెసంచిలో పెట్టి అటక మీద దాచాడట. నేను దింపాను. సంచి చాలా బరువుగా ఉంది. వెళ్లబోతుంటే, "కూసో బిడ్డా" అంది. స్టూలు మీద కూర్చున్నాను.

"స్టీరింగ్ కింద ఎర్ర అంకెల డబ్బ ఉన్నది చూసినవా? బండిని నడిపేది గదే గదా?"

చేతిలోని సంచిని కింద పెట్టాను.

"నాకు తెల్వదనుకున్నవా? బిగించిన నాడే చూపెట్టిండు వాడు. అమ్మా, నేను కాళ్లు కడుక్కొని వచ్చేదాంక బండి నడుస్తది, నువ్వు భయపడకు, గది ఆగేలోపల బువ్వ పెట్టు అన్నడు."

"మరి కాకకు ఎందుకు చెప్పలేదమ్మా? ఏడాది సంది భయపడుతున్నడు గదా."

"చెప్తె వైరు తెంపుతడు. భయముంటె ముట్టడు." ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "కొడుకు బతికున్నన్ని దినాలు గా బండి దిక్కు చూడలె. ఇప్పుడు రెండు గొట్టంగనె యాడున్నా ఉరికొస్తడు. రానియ్యి."

నేను మొదటినుంచీ ఆమె అమాయకురాలని అనుకున్నాను. నా జ్ఞానం ఆమెకు దెబ్బ అవుతుందని బాధపడ్డాను. ఆమె దగ్గర నాకున్నంత జ్ఞానమూ ఉంది. సిగ్గేసింది. సిగ్గు కప్పుకోవడానికి అడిగాను.

"డబ్బ అని తెల్సినంక గూడ దానితోని ఎందుకు మాట్లాడతవమ్మా?"

ఆమె నా వైపు ఓపికగా చూసింది. "బండి ఎంత దూరం పొయ్యొస్తె డబ్బ గంత సేపు నడిపిస్తదని చెప్పిండు వాడు. ఊకె ఇంటి ముంగట స్టార్ట్ జేసి బంజేస్తె, పది లెక్కపెట్టేలోపల ఆగిపోవాలె. వాడున్నప్పుడు నేనే చూసిన. మరి గిప్పుడెందుకు గంత సేపు నడుస్తాంది? ఒకనాడు తక్కువ, ఒకనాడు ఎక్కువ. బండి ఈడనే ఉన్నది. యాడికి పొయ్యొస్తాంది? సదువుకున్నవు గదా, నువ్వు చెప్పు."

"లోపల ఏదో వైరు లూజ్ అయ్యుంటది."

"అయితె చూడు. వైరు లూజ్ ఉంటె పీకెయ్యి, నేనేమనను. ఏం లేకుంటె డబ్బ విడిచిపెట్టి పో. టర్బో తీస్కో, ఏమన్న తీస్కో. గది నాకు విడిచిపెట్టు."

గోనెసంచి అడుగున ఆ డబ్బాతో వచ్చిన చిన్న పుస్తకం ఉంది, ఇంగ్లీషులో. పందిరి కింద కూర్చుని మొత్తం చదివాను. అంత శ్రద్ధగా నేను ఏ పుస్తకమూ చదవలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. డబ్బాను రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. ఇన్ని నిమిషాలని మనమే పెట్టవచ్చు, లేదా డబ్బాకే వదిలేయవచ్చు. వదిలేస్తే అది ఆపే ముందు ఇంజను ఎంతసేపు, ఎంత గట్టిగా పరుగెత్తిందో చూసుకుని నిమిషాలు తనే లెక్కగడుతుంది. నిలబడిన చోటే నడిచిన బండికి కొన్ని సెకన్లకు మించి ఇవ్వదు. డబ్బా ముందు వైపున్న గుర్తు చూశాను. కొడుకు దాన్ని డబ్బాకే వదిలేశాడు.

మా వాడిని పిలిచి వైర్లన్నీ పరీక్షించమన్నాను. వాడు మీటరుతో ఒక్కొక్కటీ తాకి చూశాడు. లాగి చూశాడు. ఇంజను వేగం చెప్పే వైరును చివరిదాకా చేత్తో తడుముతూ వెళ్లాడు.

"సాఫ్‌గున్నది అన్నా. ఒక్క అతుకు గూడ వదులు లేదు. మస్తు జేసిండు పోరడు."

"డబ్బా లోపల ఏదన్నా పాడై ఉండొచ్చు."

"ఉండొచ్చు," అన్నాడు.  లోపల పాడైన డబ్బా గొట్టం రంగు ఎలా మారుస్తుందని వాడు అడగలేదు, నేను అడగనివ్వలేదు. "డబ్బా ఇక్కడే ఉండనీ," అని మాత్రం చెప్పాను. వాడు తలూపి, పాత గొట్టాలు బిగించడంలో పడ్డాడు.

చివరి నట్టు ఎక్కక మొరాయించింది. రెండు దాటింది. పెద్దాయన చెరువు నుంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ దూరంగా నిలబడ్డాడు. ఆమె అప్పటికే స్టూలు వేసుకుని కూర్చుంది. ఒకసారి ఎండ వైపు, ఒకసారి మా చేతుల వైపు చూస్తోంది. రెండున్నరకు మా వాడు కింది నుంచి బయటికి వచ్చి, "స్టార్ట్ చెయ్యి కాకా" అన్నాడు. విప్పిన టర్బోను గోనెసంచి మీద, అందరికీ కనపడేలా పెట్టాం.

ఇంజను స్టార్టయింది. టర్బో లేని గొంతు వేరుగా, పలచగా వినిపించింది. పెద్దాయన మొహం కొద్దిగా తేటపడింది. ఒక నిమిషం ఆగాడు. తాళంచెవి తిప్పి బయటికి లాగి, నాలుగడుగులు వెనక్కి వచ్చాడు.

ఇంజను నడుస్తూనే ఉంది.

ఆయన చేతిలో తాళంచెవిని చూశాడు. గోనెసంచి మీద టర్బోను చూశాడు. నేను కిటికీ లోంచి డబ్బా వైపు చూశాను. ఎర్ర అంకెలు ఎనిమిది నిమిషాల దగ్గర మొదలై ఉన్నాయి.

"ఇయ్యాల శానా దూరం పొయ్యొచ్చినట్టున్నడు," అంది ఆమె, ఎవరితోనూ కాకుండా.

"టర్బో గాడ పడున్నది గదా," అన్నాడు పెద్దాయన నాతో. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "మరి నేనేం అమ్మిన?"

నేను వంగి టర్బో మీది దుమ్ము తుడిచాను.

"సదువుకున్నోనివి. చెప్పు బిడ్డా, గిదేంది? నువ్వు చెప్తె నమ్ముత."

ఆమె తల తిప్పి నా వైపు చూసింది. ఒక్క వాక్యం చాలు. డబ్బా, రెండు వైర్లు. ఆయన కత్తిపీట తెచ్చి తెంపేస్తాడు, రేపటి నుంచి ఆమెకు రెండు గంటలప్పుడు చెరువు చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అబద్ధం చెప్పాలని పొద్దున సంచి దగ్గర కూర్చున్నప్పుడే నిర్ణయించుకున్నాను. నాకు తెలిసిన దాన్ని తెలియదనడం నా జీవితంలో ఎప్పుడూ చేయలేదు.

"నాకు తెల్వదు కాకా," అన్నాను.

ఆ మాట బయటికి వచ్చాక, అందులో అబద్ధం ఎక్కడుందా అని వెతుక్కుంటే నాకు దొరకలేదు. మా వాడు నేల చూపులు చూస్తున్నాడు.

పెద్దాయన పరుగెత్తలేదు. ఇంజను నడుస్తుండగా మొదటిసారి కారు దగ్గరికి తనంతట తానే నడిచి వెళ్లాడు. భార్య పక్కన కూర్చోవడానికి ఏదైనా ఉందేమోనని చూసి, ఏమీ లేక, నేల మీదే గొంతుక్కూర్చున్నాడు.

"ఏమంటున్నడు?" అని ఆమెను అడిగాడు.

"నువ్వే అడుగు," అంది ఆమె. ఏడాది తర్వాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అదేనని నేననుకుంటాను.

ఆయనకు ఏం అడగాలో తోచలేదు. తువ్వాలు ఒళ్లో పెట్టుకుని మడతలు పెట్టాడు, విప్పాడు. చివరికి, తలుపు వైపు తల ఎత్తకుండా, "ఆకలైతాందిరా?" అన్నాడు.

ఆమె లేచి బువ్వ వడ్డించడానికి లోపలికి వెళ్లింది. ఆయన జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు తల వంచి అలాగే కూర్చున్నాడు. మేం టర్బోను చెరో వైపు పట్టుకుని, చప్పుడు కాకుండా, మట్టి బాట దాకా మోసుకుపోయాం. అక్కడికి కూడా ఇంజను వినిపిస్తూనే ఉంది.